జమ్మిచెట్టూ, తుపాకీ కవరూ

మొన్న క్లాసులో విరాటపర్వం చెబుతూ ఉండగా వెనక బెంచీ మీంచి ఒక కుర్రవాడు లేచాడు. "పాండవులు ఆయుధాలన్నీ మూటగట్టి జమ్మిచెట్టు మీద పెట్టి వెళ్ళిపోయారు గదా సార్, ఏడాదిపాటు ఎండా వానా తగిలితే తుప్పు పట్టవా?" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. నాకు మాత్రం ఆ ప్రశ్నలో నవ్వవలసింది ఏమీ కనిపించలేదు. ఆ అనుమానం వ్యాసుడికే వచ్చింది. సంస్కృత భారతంలో చెట్టెక్కినవాడు నకులుడు. కొమ్మ గట్టిదా కాదా అని చూసుకోవడమే గాక, వాన లోపలికి దిగని చోటు వెతికి మరీ కట్టాడు. అంతకు ముందే వింటినారులు విప్పేశారు. మూటకు తోడుగా ఒక శవాన్ని కూడా వేలాడగట్టారు గనక దారినపోయే వాడెవడూ ఆ ఛాయలకు రాడు. ఏడాది తిరిగాక ఉత్తరుడు ఆ మూట విప్పేసరికి లోపలివన్నీ ధగధగలాడుతున్నాయి. గాండీవమంటే దివ్యధనుస్సు, దానికి తుప్పేమిటని భక్తులు అనవచ్చు. కాని కథ చెప్పినవాడు భారమంతా దివ్యత్వం మీద వెయ్యలేదు. వాన దిగని కొమ్మ ఏదో చూపించాడు. ఆయుధాలు దాచడం ఎరిగినవాడి మాట అది.

పద్యాలు చెప్పుకునేవాడికి ఆయుధాల గొడవ ఎందుకని మీరడగవచ్చు. కాలేజీలో చేరిన కొత్తలో ఎన్.సి.సి. భారం నా నెత్తిన పడింది. కొత్తగా చేరినవాడి నెత్తి ఎప్పుడూ ఖాళీగా ఉంటుందని పెద్దల నమ్మకం. నాగపూరు దగ్గర కామ్టీలో శిక్షణ ఇప్పించి పంపారు. అక్కడ నేను బుద్ధిగా నేర్చుకున్నది కాల్చడం కన్నా తుడవడమే. ఒక తాడు, దాని చివర ఇత్తడి బరువు. బరువును గొట్టంలోకి జారవిడిచి, తాడు రెండో కొసన ఉన్న కొక్కెంలో బట్టపేలిక దోపి, అవతలికి ఒక్క లాగు లాగాలి. తాడు పేరు పుల్‌త్రూ, పేలిక పేరు చిందీ. తుడిచే చిందీ 4 అంగుళాల పొడవు, 2 అంగుళాల వెడల్పు. నూనె రాసే చిందీ వెడల్పులో అర అంగుళం తక్కువ; బిగువుగా ఉంటే రాసిన నూనెను తానే ఊడ్చుకుపోతుంది. 1963 నుంచి 1968 దాకా ఎన్.సి.సి. కాలేజీ మగపిల్లలందరికీ తప్పనిసరిగా ఉండేది గనక, మీ ఇళ్ళల్లో తాతగార్లను కదిపి చూడండి. సొంత పెళ్ళిరోజు మరిచిపోయినవారు కూడా ఈ కొలతలు మరిచిపోరు.

ఈ విద్య ఇన్నాళ్ళకు మా సందులో అక్కరకొచ్చింది.

అశోక్‌నగర్‌లో మా సందు మొగలో రిటైరయిన హవల్దారు గారొకరు కింది వాటాలో అద్దెకుంటున్నారు. కరీంనగర్ వైపు మనిషి. ఏ.టి.ఎం.లకు డబ్బు చేరవేసే వ్యానులో తుపాకీతో వెళ్ళే ఉద్యోగం ఆయనది. నారాయణగూడలోనో, చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీదో ఆ ఇనపపెట్టె లాంటి వ్యాను ఆగడం, ముందుగా ఒక మనిషి తుపాకీతో దిగి అటూ ఇటూ కలయజూడడం, ఆ తరవాతే డబ్బుపెట్టె దిగడం మీరంతా చూసే ఉంటారు. ఆ తుపాకీ కంపెనీ వారిదని నేను చాలాకాలం అనుకున్నాను. కాదట. రెండు గొట్టాల పన్నెండు బోరు తుపాకీ, ఆయన తన డబ్బు పెట్టి కొనుక్కున్నది. లైసెన్సు ఆయన పేరనే ఉంది. తుపాకీ ఉన్న కాపలాదారుకు ఒక జీతం, లేనివాడికి ఒక జీతం. "తుపాకి లేకుంటె నేను ఉత్త మనిషిని సారూ, జీతం గూడ ఉత్త మనిషి జీతమే" అని ఆయనే ఒకసారి చెప్పారు.

కిందటేడు వానలు మొదలయ్యే ముందు ఆయన కొడుక్కు గచ్చిబౌలిలో ఉద్యోగమయింది. మొదటి జీతంతో తల్లికి చీర, తండ్రికి తుపాకీ కవరు కొన్నాడు. నల్లటి దళసరి గుడ్డ, లోపల వేలెడు మందాన మెత్తటి స్పాంజి, ఈ కొస నుంచి ఆ కొసకు జిప్పు. వానలో నాన్న తుపాకీ తడవకూడదని పిల్లవాడి ఆపేక్ష. హవల్దారు గారు ఆ కవరును సందులో అందరికీ చూపించారు. నేనూ మెచ్చుకున్నాను, మెచ్చుకోవలసిన వస్తువే మరి.

ఆగస్టు చివర ఒక ఆదివారం పొద్దున్నే పిలిచారు. "సారూ, జర ఇటొచ్చి సూడుండ్రి. నా కండ్లే మసకైనయో, నిజంగనే గిట్లయిందో" అన్నారు. తుపాకీ మంచం మీద ఉంది. గొట్టాల మీద, స్పాంజి ఆనుకున్నంత మేరా, గోధుమరంగు చుక్కలు వరసలు కట్టాయి. మూతుల దగ్గర మరీ ఎక్కువ. మడత విప్పి, రెండు గొట్టాలూ ఖాళీ అని కంటితో చూసుకుని, ఆకాశంకేసి పట్టి లోపలికి చూశాం. అద్దంలా ఉండవలసిన చోట ఈగలు వాలినట్టుంది. ఇంకో పది రోజుల్లో కంపెనీ వారి తనిఖీ.

"తడిసినప్పుడల్ల తుడుస్తనే ఉన్న సారూ. తుడిచి కవర్ల పెడుతున్న. మిలట్రీల గిన్నేండ్లున్న, ఒక్కనాడు గిట్ల గాలే" అన్నారాయన.

"మిలటరీలో కవరుండేదా?" అన్నాను.

ఆయన కాసేపు ఊరుకున్నారు. "లేకుండె. కోత్‌ల నిలవెట్టెటోళ్ళం" అన్నారు. కోత్ అంటే సైన్యంలో ఆయుధాలు దాచే గది. కొయ్యచట్రంలో తుపాకులు వరసగా నిలబడి ఉంటాయి, ఒంటిమీద పల్చటి నూనె తప్ప ఇంకేమీ లేకుండా.

ఇక్కడ కొంచెం తుప్పు సంగతి చెప్పుకోవాలి. ఇనుము మట్టిలో దొరికినప్పుడు ఇనుముగా దొరకదు. ప్రాణవాయువుతో కలిసి ఎర్రమట్టిగానో ఎర్రరాయిగానో దొరుకుతుంది. మనం దాన్ని కొలిమిలో పెట్టి, నానా బాధలూ పెట్టి, ఆ వాయువును విడగొడతాం. సందు దొరికితే చాలు, అది మళ్ళీ పుట్టింటికి పోవాలని చూస్తుంది. ఆ ప్రయాణమే తుప్పు. దానికి రెండే కావాలి: గాలి, నీరు. గాలి ఎల్లాగూ తప్పదు. నీటి సంగతే మన చేతిలో ఉన్నది. నీరు అనగానే మనకు వాన గుర్తొస్తుంది గాని, ఇనుముకు వాన అక్కర్లేదు. గాలిలో తేమ నూటికి 60 పాళ్ళు దాటితే చాలు, కంటికి కనిపించనంత పల్చటి నీటిపొర ఇనుము మీద ఏర్పడుతుంది, పని మొదలవుతుంది. మన హైదరాబాదులో ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నాల్లో తేమ 30కి అటూ ఇటూ ఉంటుంది. అదే జులై, ఆగస్టు ఉదయాల్లో 80 దాటుతుంది. బందరులోనో విశాఖలోనో ఉన్నవారు ఏడాది పొడుగునా జాగ్రత్త పడతారు. మనకు ఎనిమిది నెలలు ఏమీ కాదు గనక ధీమా పెరుగుతుంది. మిగిలిన నాలుగు నెలలూ ఆ ధీమాను తుప్పు తింటుంది.

ఇంట్లో గోడకు ఆనించిన తుపాకీకీ, బండిలో ఉంచిన తుపాకీకీ చాలా తేడా ఉంది. ఇంట్లో పగలూ రాత్రీ వేడి నిదానంగా మారుతుంది. బండి అల్లా కాదు. అది రేకుపెట్టె, ఎండలో గంట నిలబడితే పెనంలా కాలుతుంది, సాయంత్రం జల్లు పడితే పది నిమిషాల్లో చల్లారుతుంది. వేడిగా ఉన్నప్పుడు లోపలి గాలి తేమను తనలో దాచుకుంటుంది. చల్లారేసరికి మోయలేక దించేస్తుంది. ఎక్కడ దించుతుందంటే, అందుబాటులో ఉన్న చల్లటి వస్తువు మీద. ఫ్రిజ్‌లోంచి తీసిన మంచినీళ్ళ సీసా బయట పెడితే చెమర్చడం రోజూ చూస్తున్నదే. వ్యాను ముందు భాగంలో ఏ.సి. ఉంటే మరొక చిక్కు: చల్లబడిన తుపాకీ పట్టుకుని ఆగస్టు గాలిలోకి దిగీ దిగడంతోనే గొట్టం నిండా చెమట. కళ్ళజోడున్నవారికి ఇది నేను చెప్పనక్కర్లేదు. ఏ.సి. కారు దిగగానే లోకమంతా మసకబారుతుంది గదా, కళ్ళజోడు మీద కనిపించే ఆ మసకే గొట్టం లోపల కనిపించకుండా పడుతుంది.

ఇప్పుడా కవరు సంగతి. వానలో నాలుగు చోట్ల దిగి ఎక్కిన తుపాకీని పైపైన తుడిచి కవర్లో పెట్టి జిప్పు లాగారు. తుడవగా మిగిలిన తడి స్పాంజిలోకి పోయింది. తిరుగు ప్రయాణంలో వ్యాను వేడికి ఆ తడి ఆవిరయింది. బయటికి పోవడానికి దారి లేదు. రాత్రి ఇంటికి చేరాక చల్లబడి తుపాకీ మీదే దిగింది. మర్నాడు మళ్ళీ అదే వరస. శనివారం సాయంత్రం నుంచి సోమవారం ఉదయం దాకా అయితే లోపలే ఊరింది. ఇడ్లీపాత్రకూ దానికీ భేదం లేదు; ఇడ్లీపాత్ర మూతయినా మనం పావుగంటకు తీస్తాం. తోలు ఒరలు ఇంకా ప్రమాదం. తోలు పదును చెయ్యడంలో వాడిన ఉప్పులూ ఆమ్లాలూ అందులో ఎంతో కొంత మిగిలే ఉంటాయి, తడి తగిలితే ఇనుము మీద పడతాయి. కవరూ ఒరా మోసుకెళ్ళడానికే గాని దాచడానికి కాదు. ఇల్లు చేరగానే, బండిలో ఉంటే బండి ఆగగానే, తుపాకీ బయటికి రావాలి. కవరు తిరగేసి దండెం మీద ఆరాలి. నకులుడు వాన దిగని చోటు చూశాడు గాని గాలి ఆడని చోటు చూడలేదు.

ఒక మాట మధ్యలో చెప్పాలి. తుపాకీని బండిలో వదిలి మనుషులు దిగిపోవడమనేది మన దేశంలో చెయ్యరాని పని. 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు పొందినవాడు ఆయుధానికి జవాబుదారీ. బండిలో తుపాకీ అంటే మనిషి పక్కనున్న తుపాకీ అనే నా ఉద్దేశం.

పైనుంచి చేతి చెమట ఒకటి. చెమటలో ఉప్పుంది. ఉప్పు గాలిలోని తేమను లాగుతుంది. చేత్తో పట్టుకున్న చోట వేలిముద్రలతో సహా తుప్పు రావడం ఎన్.సి.సి. శిబిరాల్లో నేను చాలాసార్లు చూశాను. ఏ కుర్రవాడు తుడవకుండా పెట్టాడో చెప్పడానికి పోలీసు నిపుణుడు అక్కర్లేదు. కాల్చిన తుపాకీలో ఇంకో రకం ఉప్పు. పాత త్రీ నాట్ త్రీ రైఫిలు తూటాల్లో మందును అంటించే మొనలో పొటాషియం క్లోరేటు ఉండేది. పేలాక అది క్లోరైడుగా మారి గొట్టానికి అంటుకునేది. మనం వంటలో వేసుకునే ఉప్పుకు అది దాయాది. దాన్ని నూనె కరిగించలేదు. అందుకనే కాల్చి వచ్చాక ముందు మరిగే నీళ్ళు గొట్టంలో పొయ్యమనేవారు. తుప్పు పట్టకుండా నీళ్ళు పొయ్యడమేమిటని కొత్తవాళ్ళు తెల్లబోయేవారు. ఉప్పు నీటికే కరుగుతుంది. నీళ్ళు మరుగుతున్నవైతే ఇనుము వేడెక్కి తనంతట తానే ఆరుతుంది. ఆ తరవాతే నూనె.

హవల్దారు గారి తుపాకీ చుట్టూ ఆ ఆదివారం సందంతా మూగింది. సలహాలకు కొదవ లేదు. ఒకావిడ అంట్లు తోమే స్టీలు పీచు తెచ్చారు. ఇంకొకావిడ చింతపండు తెచ్చి, ఇత్తడి బిందెలు దీంతోనే గదండీ తళతళలాడతాయి అన్నారు. రెండింటికీ దండం పెట్టి పంపాను. తుపాకీ గొట్టం మీద కనిపించే నీలినలుపు రంగు పెయింటు కాదు. అది కూడా ఒక విధంగా తుప్పే. మచ్చిక చేసిన తుప్పు. పాతకాలపు పద్ధతిలో పనివాళ్ళు కావాలనే ఇనుముకు పల్చగా తుప్పు పట్టించి, మరిగే నీళ్ళలో ఉడికించి, ఎర్రతుప్పును నల్లతుప్పుగా మార్చి, బ్రష్షుతో రుద్ది, మళ్ళీ పట్టించి, ఇల్లా ఎన్నోసార్లు చేస్తారు. ఎర్రది ఇనుమును తొలుస్తుంది, నల్లది అంటిపెట్టుకుని ఉంటుంది. చింతపండు పులుపుకు ఎరుపూ నలుపూ అని తేడా తెలియదు, రెండింటినీ తినేస్తుంది. పైగా ఆ నలుపు తనంతట తాను పెద్దగా కాపాడదు, నూనెను పట్టి ఉంచుతుంది, అంతే.

మేము చేసినది ఇది. చుక్కల మీద నూనె వేసి గంటసేపు నానబెట్టాం. పాత రాగి కానీ ఒకటి మా ఇంట్లో ఉంటే దాని అంచుతో మెల్లగా గీకాం; రాగి ఉక్కుకన్నా మెత్తన గనక తుప్పును లేపుతుంది గాని గొట్టాన్ని గీరదు. లొంగని చోట వడ్రంగులు పాలిషుకు వాడే దూదిలాంటి సన్నటి ఉక్కుపీచును నూనెలో తడిపి, బరువు వెయ్యకుండా తిప్పాం. తుడిచాం. మళ్ళీ నూనె. లోపల బ్రష్షు తిప్పి చిందీలు లాగాం. మొదటివి గోధుమరంగులో వచ్చాయి, తరవాత బూడిదరంగు, ఆఖరికి తెల్లగా. బయటి తుప్పు పోయింది. లోపలి ఈగల్లో కొన్ని పోయాయి, కొన్ని చిన్న గుంటలై మిగిలాయి. ఒకసారి గుంట పడితే అది పోదు. గుంటలో తేమ చేరుతుంది, తేమకు గుంట లోతవుతుంది. గొట్టం పల్చబడితే కాల్చినప్పుడు పట్టుకున్నవాడికే ప్రమాదం. అందుచేత మర్నాడే ఆయన్ని తుపాకులు బాగుచేసే మనిషి దగ్గరికి పంపాను. పైపైవేనని, వాడుకోవచ్చునని అతను చెప్పేదాకా నాకూ స్థిమితం లేదు.

ఇక ఏ నూనె అన్నది పెద్ద సభ. ఆయన అప్పటిదాకా కొబ్బరినూనె రాస్తున్నారట. ఇంట్లో ఉంటుంది, వాసన బాగుంటుంది. కాని గింజలనుంచీ కాయలనుంచీ తీసిన నూనెలు తలకూ పొయ్యికీ పనికివచ్చినంతగా ఇనుముకు పనికిరావు. కొబ్బరినూనె 24 డిగ్రీలకు గడ్డకడుతుంది. మన డిసెంబరు ఉదయాల్లో ట్రిగ్గరు లోపల పేరుకుంటే ఏమవుతుందో ఊహించండి. కొన్నాళ్ళకు చిక్కుతుంది, చిక్కితే పులుపెక్కుతుంది. నువ్వులనూనె, ఆముదం జిగురవుతాయి. భూమిలోంచి తీసిన నూనె కావాలి. తుపాకీ నూనె దొరక్కపోతే కుట్టుమిషను నూనె మేలు, కాకపోతే పల్చన గనక తొందరగా జారిపోతుంది, వారానికొకసారి మళ్ళీ రాయాలి. డబ్బాలో వచ్చే డబ్ల్యూడీ-40 ఉందిగదా అంటాడు వాళ్ళబ్బాయి. 1953లో అమెరికాలో క్షిపణి ఒంటికి తడి తగలకుండా తయారు చేశారు దాన్ని; 40వ ప్రయత్నానికి కుదిరిందని ఆ పేరు. తడిని తరమడంలో దానికి సాటి లేదు. కాని తరిమి తానూ పోతుంది. దాని వెనక అసలు నూనె రాయాలి. నెలల తరబడి ముట్టుకోని ఆయుధానికయితే నూనె కన్నా గ్రీజు మంచిది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికావారు రైఫిళ్ళను కాస్మొలిన్ అనే గ్రీజులో ముంచి పెట్టెల్లో పెట్టేవారు. దశాబ్దాల తరవాత తెరిస్తే లోపల కొత్తవాటిలాగే ఉన్నాయి. ఆ గ్రీజు వదలగొట్టడానికి పట్టిన చాకిరీ మాత్రం కొన్నవాళ్ళనడగాలి. ఊళ్ళో తండ్రిగారి తుపాకీ ఉండి, ఎన్నికలప్పుడు పోలీసు ఠాణాలో అప్పగించవలసి వచ్చేవారు కూడా ఇచ్చే ముందు ఒక పూట కూర్చుని గ్రీజు రాసి ఇస్తే మంచిది.

(తుపాకీ కొవ్వు చరిత్రలో చేసిన పని ఇంతా అంతా కాదు. 1857లో ఎన్‌ఫీల్డు తూటాలకు పూసిన కొవ్వు ఏ జంతువుదన్న అనుమానం ఎంతవరకు పోయిందో మనకు తెలుసు. ఆ సంవత్సరం జులై 17న తుర్రేబాజ్‌ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ మనిషుల్ని వెంటబెట్టుకుని కోఠీ రెసిడెన్సీ మీద పడ్డారు. నారాయణగూడ నుంచి నడిచి వెళ్ళే దూరమే.)

నూనె ఎంత రాయాలన్నది మరో తగువు. ఎక్కువ రాస్తే మంచిదని అందరికీ అనిపిస్తుంది. కారినంత రాస్తే దుమ్మును పట్టుకుంటుంది. నిలువుగా నిలబెట్టిన తుపాకీలోంచి కిందికి దిగి కొయ్యపిడిలోకి ఇంకి కొయ్యను మెత్తబరుస్తుంది. చిందీ మీద నాలుగు చుక్కలు వేసి, వేలు పెడితే అంటీ అంటనట్టుండాలి. జపానువారు కత్తులకు రాసే నూనెలో కాసిని లవంగనూనె కలుపుతారు. రాసింది కడుపుకు పట్టదు గాని ముక్కుకు తెలుస్తుంది.

మందుసీసాల్లోనూ కొత్త చెప్పుల పెట్టెల్లోనూ వచ్చే చిన్న పొట్లాలున్నాయి చూడండి, సిలికా జెల్ అనేవి, వాటిని పారెయ్యకండి. తేమను పీల్చుకుంటాయి. కాని మూత గట్టిగా పడే పెట్టెలో ఉంటేనే. తలుపులు పదిసార్లు తెరిచి మూసే వ్యానులో ఆ పొట్లం ఊరి తేమనంతా తాగబోతుంది. పూట గడవక ముందే దాని కడుపు నిండుతుంది. నీలంరంగు గింజలు గులాబీరంగుకు మారాయంటే నిండిందన్నమాట. సన్నసెగ మీద వేడిచేస్తే మళ్ళీ పనికివస్తాయి. వంటగిన్నెల్లో మాత్రం చెయ్యకండి, ఆ నీలంరంగు మంచిది కాదు.

ఇనుమంటే తుప్పు పట్టవలసిందేనా అని హవల్దారు గారు అడిగారు. నేను ఢిల్లీ స్తంభం చెప్పాను. దాదాపు 1600 ఏళ్ళుగా ఎండలో వానలో నిలబడే ఉంది. ఆ ఇనుములో భాస్వరం పాలు ఎక్కువగా ఉండడం వల్ల ఒంటిమీద ఒక పొర ఏర్పడి కాపాడుతున్నదని కాన్పూరు ఐ.ఐ.టి.లో పనిచేసిన బాలసుబ్రహ్మణ్యం గారు తేల్చారు. ఆరుబయట ఉండడం, తడిసి వెంటనే ఆరడం కూడా దానికి కలిసివచ్చింది. ఆయన దానికి ముచ్చటపడి, "మరి మన దిక్కుది?" అన్నారు. మన దిక్కుదీ తక్కువది కాదు. నిజామాబాదు వైపు కోనసముద్రంలో చేసిన ఉక్కును పారశీక వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారు; డమాస్కస్ కత్తులంటే అందులోంచి వచ్చినవే. ఇంగ్లీషువారి ఊట్జ్ అన్న మాట మన ఉక్కేనని పండితులంటారు. కాని ఆ ఉక్కు పదునుకు పుట్టింది, తుప్పుకు ఎదురు నిలవడానికి కాదు. సాలార్‌జంగ్ మ్యూజియంలో కత్తులను అద్దాల వెనక పెట్టి కాపాడడం ఊరికే కాదు.

సెప్టెంబరు, అక్టోబరు వచ్చేసరికి దసరా. ఆయుధపూజ. ఠాణాల్లో, గ్యారేజీల్లో, మా సందులో, ఇనుము కనిపిస్తే చాలు పసుపూ కుంకుమా తడిపి బొట్లు పెడతాం. ఆయుధానికి ఏడాదికొక్క పండుగ. ఆ పండుగనాడే తడి ముద్ద రాత్రంతా అంటిపెట్టుకుని ఉంటుంది. మర్నాడు తుడిస్తే బొట్టు ఆకారంలోనే మచ్చ. ఇక నిమ్మకాయ సంగతి చింతపండు సంగతే. పూజ మానమని నేను అనను. హవల్దారు గారు పాతికేళ్ళుగా చేస్తున్న పద్ధతి నాకు నచ్చింది. బొట్టు కొయ్యపిడి మీద పెడతారు, గొట్టం మీద పెట్టరు. నిమ్మకాయ తుపాకీ ముందుంచుతారు, మీద పెట్టరు. అమ్మవారికి ఇంతవరకు కోపం వచ్చినట్టు లేదు.

మా ఇంట్లో తుపాకీ లేదు, ఇదంతా మాకెందుకంటారు కొందరు. మీ స్కూటరుంది గదా. వానలో తడిసి వచ్చిన స్కూటరు మీద వెంటనే ప్లాస్టిక్ గుడ్డ కప్పి అపార్టుమెంటు సెల్లారులో పెట్టడం కూడా ఆ కవరు పనే. అశోక్‌నగర్ సెల్లార్ల సంగతి 2000 ఆగస్టు వరదనాటి నుంచి ఉన్నవారికి తెలుసు. హుస్సేన్‌సాగర్ నాలా పొంగితే మొదట నీళ్ళు చేరేది అక్కడికే. నీళ్ళు తోడించినా ఆ చెమ్మ నెలల తరబడి పోదు. ఇంకో చిత్రం వినండి. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. ఇంజను వేడెక్కాక అది ఆవిరై పోతుంది. ఇంటినుంచి చిక్కడపల్లి కూరగాయల బజారుకు, అక్కడినుంచి ఇంటికి, ఇంతే తిరిగే స్కూటరులో సైలెన్సరు పూర్తిగా వేడెక్కకముందే ప్రయాణం అయిపోతుంది. నీరు లోపలే నిలుస్తుంది. సైలెన్సర్లు లోపలినుంచి చిల్లులు పడేది ఇందుకే. వారానికొకసారి కాస్త దూరం, ఉప్పల్ దాకానో మరెక్కడికో, తిప్పి తీసుకురండి. డిక్కీలో జాకీ, పానాలు ఉన్నవారు వాటిని తడిగుడ్డ పక్కన పెట్టకండి.

హవల్దారు గారి తనిఖీ పదోరోజు జరిగింది. తనిఖీ చేసే ఆయన మడత విప్పి, గొట్టాల్లోంచి కిటికీ వైపు చూసి, "ఏమిటివి?" అని ఒక్క మాట అడిగి, కాగితం మీద సంతకం పెట్టారట. ఆ సంగతి చెప్పడానికి హవల్దారు గారు రాత్రి తొమ్మిదింటికి మా ఇంటికి వచ్చారు. కూర్చోమంటే కూర్చోలేదు. మంచినీళ్ళు మాత్రం తాగారు.

ఇప్పుడు రోజూ డ్యూటీ దిగాక అరుగు మీద పావుగంట కూర్చుంటారు. ముందు పొడిగుడ్డ, తరవాత నూనెగుడ్డ. రాత్రి తుపాకీ బీరువాలో, ఒంటిమీద ఏమీ లేకుండా, మూతి కిందికి పెట్టి నిలబెడతారు; వారానికి రెండుసార్లు బీరువా తలుపు తెరిచిపెట్టి తాను దగ్గరే కూర్చుంటారు. కవరు వల్ల ఇంత జరిగిందని కొడుక్కు చెప్పలేదు. ఆదివారాలు అతను ఇంటికి వచ్చినప్పుడు కవరు గోడకు వేలాడుతూ కనిపించాలి, వాడినట్టు కూడా కనిపించాలి. అందుకని దాన్ని భుజాన వేసుకునే డ్యూటీకి వెళుతున్నారు. లోపల గొడుగు పెట్టుకుంటారు. సరిగ్గా పట్టింది కూడాను. మొన్న వానలో ఆ గొడుగు తెరవబోతే తెరుచుకోలేదు, కమ్ములన్నీ తుప్పు పట్టాయి.